గేటు దగ్గర నా ఫొటో ఉంది

"కుంపటి కాదు బాబూ, కొలిమి. ఇనుము కాల్చే కొలిమి. కింద పేరుంది చూడు, తెలుగులోనే రాయించాను."

అప్పారావు గారు ఒంటిమీది నల్ల టీషర్టును రెండు చేతులా సాగదీసి చూపించారు. ఇస్త్రీ ప్యాంటు, పాలిష్ బూట్లు, తెల్లటి ఫౌజీ మీసం, ఆ మీసం కింద మంటలు కక్కుతున్న బొమ్మ. డిసెంబర్ ఆదివారం మధ్యాహ్నం, ఢిల్లీ అశోకా రోడ్డులోని తెలుగు భోజనాల క్యాంటీన్ దగ్గర జనం టోకెన్లు పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. ఆకలితో ఉన్నవాళ్ళకి కబుర్లు చెప్పేవాడు దొరికితే అంతకన్నా ఏం కావాలి. బిర్యానీ కోసం గురుగ్రామ్ నుంచి మెట్రో ఎక్కి వచ్చిన సుధీర్ అడగనే అడిగాడు.

"కొలిమి అంటే ఏంది అంకుల్, కంపెనీయా?"

"బ్యాండు! పెళ్ళి బ్యాండు కాదు, హెవీ మెటల్. మా అమ్మాయి కూతురు అక్షరే పాడతాది, గిటారూ వాయిస్తాది. ఇయ్యాల సాయంత్రం సాకేత్‌లో షో. హాలు నిండకపోతే ఇంకోసారి ఇచ్చేది లేదని హాలోళ్ళు అన్నారట. నిండకపోవడమేటి, ఈ సుబేదార్ అప్పారావు ఉండగా? నేను లేకుండా అక్కడ ఒక్క తీగ కదలదు. గేటు దగ్గర నా ఫొటో అంటించీసారు, తెలుసా? మీరందరూ రండి. అప్పారావు గారి మనుషులం అని చెప్పండి, చాలు."

"మీకూ దానికీ ఏంటండీ సంబంధం, అన్నయ్యగారూ?" అంది ఆర్కే పురం నుంచి వచ్చిన హైమవతి.

"అలా అడగమ్మా! ఇప్పటి కుర్రోళ్ళు ల్యాప్‌టాప్‌లో నాలుగు నొక్కులు నొక్కీసి పాట చేసీస్తన్నారు కదా, మా గుంటకి, అదే మా మనవరాలికి, అది ఆనదు. ఈ హెవీ మెటల్ పుట్టిన కొత్తలో, అంటే నేను పట్టీల లాగు వేసుకుని తిరిగిన రోజుల్లో, ఎలా మోగేదో అచ్చం అలాగే మోగాలంటాది. నెమ్మదిగా, బరువుగా, ఏనుగు మెట్లు దిగినట్టు. దానికి గాజు వాల్వుల యాంప్లిఫయర్ కావాల. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగేవి చూశారా, ఆ వాల్వులే. ఢిల్లీ అంతా గాలిస్తే ఒక పాతసామాన్ల వాడి దగ్గర ఒకటి దొరికింది, అదీ నోరు పడిపోయింది. చూసిన మెకానిక్కల్లా చేతులెత్తీసాడు. అప్పుడు ఎవరు గుర్తొచ్చారు?"

"మీరే అయ్యుంటరు."

"నేనే! మిలిటరీ సిగ్నల్స్‌లో పనిచేసినోణ్ణి బాబూ. మంచుకొండల మీద వైర్‌లెస్ సెట్టు మొరాయిస్తే కల్నల్ సాబ్ నన్నే పిలిచేవోడు. విప్పాను, దుమ్ము ఊదాను, ఒక వాల్వు మార్చాను, చివర్న ఒక్క లెంపకాయ ఇచ్చాను. వాల్వులన్నీ ఎర్రగా వెలిగి దండం పెట్టీసాయి. ఆ తరవాత ఏటైందో తెలుసా? జనక్‌పురిలో మా ఇంట్లోనే ప్రాక్టీసు. అప్పుడు జనవరి నెల. ఢిల్లీ చలిలో ఇడ్లీ పిండి సంగతి నీకు నేను చెప్పాలా అమ్మా?"

"చెప్పకండి బాబూ, ఏడుపొస్తుంది," అంది హైమవతి. "ఇప్పుడు కూడా ఇంట్లో ఓ గిన్నెడు పడుంది. కంబళి కప్పాను, పక్కన వేడి కుక్కర్ ఆనించాను, అయినా చలనం లేదు."

"అలాంటి పిండి గిన్నె మా ఇంటిదీ అక్కడే ఉంది. మా గుంట మొదటి తీగ ధడ్‌మని మీటింది. పిండి పొంగీసింది! మూత ఎగిరి ఫ్యానుకి కొట్టుకుంది. మర్నాటి నుంచి చూడు నా సామిరంగా, ప్రాక్టీసు టైముకి కాలనీలో ఉన్న ఆడవాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని మా మెట్ల మీద లైను. పంజాబీ ఆంటీలు కుల్చాల పిండి కూడా తెచ్చీసారు. వాయిస్తే రెండు పాటలకి దోసెల పిండి, మూడు పాటలకి ఇడ్లీ పిండి."

సుధీర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఊకోండి అంకుల్, పాటకి పిండెట్ల పొంగుతది?"

"ఇడ్లీలు తిన్నోణ్ణి నేనా నువ్వా? ఇది చిన్న సంగతి బాబూ, దీనికే నోరెళ్ళబెడితే ఎలా? అసలు కథ మొన్న నవంబర్‌లో, సాకేత్‌లో మొదటి షో. జనం ఇసకేస్తే రాలరు. నేను యాంప్ పక్కనే నిలబడ్డాను, దానికి నా చెయ్యి అలవాటు కదా. గుంట నా వైపు చూసింది, నేను ఇలా బొటనవేలు ఎత్తాను, అంతే, మోగించీసింది. పక్కనున్న మాల్‌లో పైకెళ్తన్న మెట్ల మిషను కిందకి నడిచీసింది. పార్కింగ్‌లో కార్లన్నీ ఒక్కసారే హారన్లు కొట్టాయి, అదీ తాళం తప్పకుండా! ఢిల్లీ కార్లు ఒకళ్ళ మాట ఒకళ్ళు వినడం ఎప్పుడైనా చూశారా? ఆ రోజు విన్నాయి. ఇక పొగమంచు సంగతి చెప్పనా? నవంబర్ అంటే ఎలాగుంటాదో తెలుసు కదా, చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. రెండో పాటకి ఆ పొగ కళ్ళు నులుముకుంది. మూడో పాటకి మూటాముల్లె సర్దుకుని బయల్దేరిపోయింది. ఆకాశంలో చుక్కలు కనపడితే పిల్లలు భయపడి ఏడ్చారమ్మా, అవేటో తెలీక!"

"ఎటు పోయింది అంకుల్ పొగ?"

"గురుగ్రామ్."

"అంటే మొన్న మా బాల్కనీల కూసున్న పొగ మీదేనా?"

"ఏటనుకోకు బాబూ. ఆ హడావిడిలో గాలివాటం చూసుకోలేదు."

వరసలో ముందు నిలబడ్డవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. లోపలి నుంచి ఎవరిదో టోకెన్ పిలిచారు, ఆ మనిషి కదల్లేదు. అప్పుడే కౌంటర్ వైపు నుంచి అలాంటి నల్ల టీషర్టే వేసుకున్న అమ్మాయి ఒకతి వచ్చి అప్పారావు గారి వెనక నిలబడింది. సుధీర్ ఆ టీషర్టు చూసి ఏదో అనబోయాడు. ఆ అమ్మాయి వద్దన్నట్టు పెదవుల మీద వేలు పెట్టుకుంది. అప్పారావు గారికి ఇవేమీ తెలియవు. ఆయన ఊపు మీద ఉన్నారు.

"సాకేత్‌కి దగ్గర్లో ఏటుంది? కుతుబ్ మినార్. మినార్ పక్కన? ఇనప స్తంభం! ఎన్నో వందల ఏళ్ళుగా ఎండకీ వానకీ తుప్పు పట్టకుండా నిలబడ్డాది. సుల్తానులొచ్చారు, దొరలొచ్చారు, ఎవరు ఎన్ని పాటలు పాడినా కిక్కురుమనలేదు. ఆ రోజు మా గుంట ఆ పాత మోత మోగించీసరికి అదేటి చేసిందో తెలుసా? మ్మ్‌మ్... అని శృతి కలిపింది! మరి హెవీ మెటల్‌కి దానికన్నా పెద్దదిక్కు ఈ దేశంలో ఎవరున్నారమ్మా? సొంత పిల్లలు పిలిచినట్టు అనిపించి ఉంటాది, భూమిలోంచి ఊడి బయటకొచ్చీసింది."

"నడిచి వచ్చిందాండీ?"

"కాళ్ళున్నాయేటమ్మా నడవడానికి? గెంతుకుంటూ వచ్చింది. మెహ్రౌలీ రోడ్డు మీద ధన్, ధన్, ధన్. ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ఆపాడు, హెల్మెట్ లేదని. అదాగుతాదా? షోకి ఆలస్యమైపోతందని దాని బాధ దానిది. నేను బయటికొచ్చి చూశాను. ఇది హాల్లోకి వచ్చీసిందంటే కప్పు ఉంటాదా? ఫౌజీ గొంతు కదా, రోడ్డు మధ్యన నిలబడి 'థమ్! పీఛే ముడ్! తేజ్ చల్!' అన్నాను. గిర్రున తిరిగి, సెల్యూట్ కొట్టి, వెళ్ళి దాని చోట్లో అది నిలబడింది."

"చేతుల్లేవు కద అంకుల్, సెల్యూట్ ఎట్ల కొట్టింది?"

"సుబేదార్‌కి కొట్టాలంటే చేతులు అవే వస్తాయి బాబూ. అడ్డురాకు. అసలుది ఇప్పుడే ఉంది. లోపలికొచ్చి చూద్దును కదా, మా గుంట జుట్టు విరబోసుకుని, తల గిరగిరా తిప్పుతూ ఊగిపోతంది. కింద కుర్రోళ్ళూ అంతే. వాళ్ళు అది స్టైలు అనుకుంటన్నారు. విజయనగరంలో పుట్టినోణ్ణి, నాకు తెలీదా? పూనకం! అమ్మోరు వచ్చీసింది! వచ్చిన అమ్మోరికి హారతి ఇవ్వకపోతే ఊరుకుంటాదా? నా జేబులో కర్పూరం ఎప్పుడూ ఉంటాది. పళ్ళెం లేదు. డ్రమ్ముల కుర్రోడి దగ్గర ఇత్తడి తాళాలు పళ్ళేల్లా వేలాడతంటే ఒకటి ఊడదీసీసాను. పేకెట్టు పేకెట్టంతా పోసి వెలిగించీసాను. మంట నిలువెత్తు లేచింది, జనం లేచారు. ఆ తరవాత ఏటైందో తెలుసా? వాన! నవంబర్‌లో ఢిల్లీలో వాన! అదీ బయట కాదు, లోపల! మబ్బు లేదు, ఉరుము లేదు, కప్పులోంచి ధారలు! ఆ పాత మోతకి, నా హారతికి వరుణదేవుడు తట్టుకోలేకపోయాడు. వేలమంది తడిసి ముద్దయిపోయి చిందులేసారు. అదిగో, ఆ రోజు నుంచే గేటు దగ్గర నా ఫొటో."

"తాతయ్యా," అంది వెనక నుంచి ఆ అమ్మాయి.

అప్పారావు గారి చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

"వో బారిష్ నహీ థీ, వాన కాదు," అంది అక్షర. ఆమెకి తెలుగు అంతా అర్థమవుతుంది కానీ నోట్లోంచి సగమే వస్తుంది. "మంట వస్తే పైనుంచి నీళ్ళు పడే పైపులు ఉంటాయి కదా, అవి. స్టేజ్ మీద ఆగ్ లగా దీ నువ్వు. పాట సగంలో ఆగిపోయింది. యాంప్ తడిసి ఇప్పుడే, ఈ వారమే బాగైంది. వేలమంది కాదు, ముప్పై మంది వచ్చారు. అందరూ భాగ్ గయే. తడుస్తూ నిలబడి చప్పట్లు కొట్టింది నువ్వొక్కడివే."

"మరి గేటు దగ్గర ఫొటో?" అన్నాడు సుధీర్.

"హై నా. నేనే అంటించాను. ఈయన్ని లోపలికి రానివ్వద్దు అని కింద హిందీలో రాశాను."

వరసంతా ఒక్కసారి గొల్లుమంది. హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు తగ్గేదాకా ఆగి అక్షర మళ్ళీ అంది. "బిర్యానీ తిని సీదా ఇంటికి వెళ్తానని ఒట్టు వేశావు తాతయ్యా. అందుకే తీసుకొచ్చాను. వేశావా లేదా?"

"వేశాను," అన్నారు అప్పారావు గారు. మీసం కాస్త కిందికి దిగింది.

"పోనీలెండి అన్నయ్యగారూ," అంది హైమవతి. "మీరు చెప్పిన మోతకి జనక్‌పురిలో కూర్చున్నా వినపడాలిగా."

"వినపడతాదమ్మా. కనపడదు కదా." ఆయన గొంతు ఒక్కసారి చిన్నదైపోయింది. "చిన్నప్పుడు దీని బొమ్మ రేడియో పాడైతే నా ఒళ్ళో కూర్చుని బాగుచేయించుకునేది. ఇప్పుడు అంతమంది ముందర నిలబడి పాడతంటే నేను ఇంట్లో కూర్చోవాలా? సరే. ఒట్టు ఒట్టే."

నవ్వినవాళ్ళు నేల చూపులు చూశారు. సుధీర్ అక్షర వైపు తిరిగాడు.

"సిస్టర్, మా దోస్తులం నలుగురం ఉన్నం. షోకి వస్తం. కానీ అంకుల్ ఉంటేనే."

"మేమూ వస్తాం," అన్నారు ముందు నిలబడ్డ దంపతులు. "ఆయన పక్కన నిలబడి చూడాలి." టోకెన్ పిలిచినా కదలని మనిషి చెయ్యెత్తాడు. వెనక ఎవరో, లోపల వాన పడకపోయినా పర్లేదు అన్నారు. వరసలో చేతులు ఒకదాని వెనక ఒకటి లేస్తూనే ఉన్నాయి.

అక్షర ఆ చేతులన్నీ చూసింది. సాయంత్రం నిండాల్సిన హాలు గుర్తొచ్చి ఉంటుంది. తర్వాత తాతయ్య వైపు తిరిగి చెయ్యి చాపింది.

"జేబులు."

అప్పారావు గారు అగ్గిపెట్టె తీసి ఇచ్చారు.

"దూస్రీ జేబ్."

కర్పూరం పేకెట్టు.

"సాక్స్."

"ఒలమ్మ, నడిరోడ్డు మీద..." అంటూనే ఆయన వంగి, మేజోడులోంచి ఇంకో పేకెట్టు తీశారు.

"ఇదంతా సరేనమ్మా," అంది హైమవతి ఇక ఆగలేక. "ఆ పిండి పొంగే ముచ్చట కూడా కోతేనా?"

"పిండి? వో తో సచ్ హై ఆంటీ, నిజమే. వాల్వులు బాగా వేడెక్కుతాయి. అమ్మమ్మ రోజూ గిన్నె తెచ్చి యాంప్ మీద పెడుతుంది, దుప్పటి కప్పి."

స్తంభం గెంతినప్పుడు కూడా వరస అంత నిశ్శబ్దం కాలేదు. ఢిల్లీ చలికి ఓడిపోయిన వాళ్ళందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పారావు గారి మీసం మళ్ళీ లేచింది. "నేను చెప్పలే?" అన్నారు.

"అయితే సాయంత్రం గిన్నె తెచ్చుకుంటానమ్మా," అంది హైమవతి.

అక్షర ఒక్క క్షణం ఆలోచించింది. తాతయ్య ఖాళీ చేతుల వైపు చూసింది.

"తీసుకురండి ఆంటీ. తాతయ్య స్టేజ్ మీదే, యాంప్ పక్కన నిలబడి పట్టుకుంటారు. షో ఖతమ్ అయ్యేదాకా. రెండు చేతులా, దోనో హాథ్ సే."

యాంప్ పక్కన అన్న మాట వినగానే అప్పారావు గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఎవరికీ కనపడకుండా చేతులు రెండూ గబగబా ముందుకు చాపేశారు.

"తెండమ్మా, తెండి. ఇంత గిన్నె తెండి," అన్నారు. ఆ చేతులు కాసేపు కూడా కుదురుగా లేవు. "ఇంతది తెచ్చినా పర్లేదు. ఇదిగో, ఇంతది..." అంటూ పక్కనున్న వాళ్ళు వెనక్కి జరిగి చోటివ్వాల్సినంత వెడల్పుకి వెళ్ళిపోయాయి.