పందొమ్మిది లీటర్లు

పెళ్లాం దొంగ. ఈ సంగతి తొకుజీ ఏనాడో తేల్చుకున్నాడు. ఆమె పోయి ఏడాది దాటినా తీర్పు మార్చలేదు. సకురజిమ అగ్నికొండ కింద, తాపీపని మానేశాక తన చేత్తో తాను కట్టుకున్న సారాబట్టీ అది. ఉదయం పదింటికి ఆమె తమ్ముడు ఇవావో వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“లోపలికి రా. బూడిద పడుతోంది.”

“ఇక్కడే బాగుంది బావా. నిన్న పన్నుల ఆఫీసు నుంచి నాకు ఫోనొచ్చింది.”

“వస్తుందని తెలుసు.”

“ఎవరో చిన్నమ్మాయి. మర్యాదగానే మాట్లాడింది. ‘మీ అక్క సుమియెగారు మీ చేపల కొట్టుకి దొంగతనంగా పందొమ్మిది లీటర్ల సారా పంపారని మీ బావగారు రాసిచ్చారు, నిజమేనాండీ’ అని అడిగింది. కొట్టు నిండా జనం. నూనెలో చేపలు మాడిపోయాయి.”

“నిజమేనని చెప్పాల్సింది.”

“ఒక్క సీసా రాలేదు నాకు.”

“తొట్టిలో తగ్గింది. తాళం చెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి దాని దగ్గర. నేను తాగను. ఇంక మిగిలిందెవరు?”

“అక్కా తాగదుగా.”

“అందుకే నీకు పంపింది.”

“చచ్చిపోయిన మనిషిని సర్కారు కాగితం మీద దొంగని చేశావు బావా.”

“చెయ్యకపోతే? తగ్గిన ప్రతి లీటరుకీ కారణం రాయాలి. గాలికి ఆవిరైపోయేదానికి కాస్త ఒప్పుకుంటారు, పందొమ్మిదికి ఒప్పుకోరు. దొంగతనమైతే పన్నూ జరిమానా కడితే సరిపోతుంది. ఎటు పోయిందో తెలీదంటే లైసెన్సే పోతుంది. ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్లందరి నేలలూ పోసి సంపాదించినదంతా ఈ బట్టీలో ఉంది.”

“నాకు తెలీదా?”

“తెలిస్తే వెళ్లు. ఒంటిగంటకి ఆ అమ్మాయీ, వాళ్ల పెద్దాయనా వస్తారు. తొట్టి వాళ్లే కొలుచుకుంటారు.”

“వాళ్లకంటే ముందు మనం కొలుద్దాం.”

“అక్కర్లేదు. పుస్తకం ఉంది, చూసుకో.”

“ఏదీ. ఇదిగో, ఇది అక్క రాత. ముందు పెన్సిలుతో రాసుకుని తర్వాత ఇంకుతో దిద్దేది, చిన్నప్పట్నించీ అంతే. పోయిన ఏడాది మార్చి ఆఖరుకి మూడు లీటర్లు తక్కువ. ఏప్రిల్‌కి అయిదు. అలా పెరుగుతూ వచ్చి అక్టోబరుకి పందొమ్మిది. నవంబరు నుంచి నీ రాత. పందొమ్మిది. డిసెంబరు పందొమ్మిది. జనవరి పందొమ్మిది. అన్నీ పందొమ్మిదే.”

“దొంగ పోయింది. తగ్గడం ఆగింది.”

“కొలిచావా?”

“టీ తాగుతావా?”

“కొలిచావా బావా?”

“సారాలో వేసే నారింజల తొక్కలు ఒలిచేవాళ్లు కూడా రాలేదు ఇవాళ. బూడిదకి బస్సు ఆపేశారంట.”

“నెలనెలా కర్ర దించి కొలిచావా, పోయిన నెలది చూసి ఈ నెలది రాశావా?”

“పోసింది పోసినట్టు రాశాను, తీసింది తీసినట్టు రాశాను. తగ్గింది మాత్రం పాత అంకె వేశాను. అయితే ఏం?”

“ఏడాది పైనా?”

“పుస్తకం పని దానిది. నాకు రాదు.”

“కర్రతో కొలవడం రాదా? మేస్త్రీవి. గడప వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే కూలగొట్టించినవాడివి. ఆ కర్ర ఇటివ్వు, నేనే ఎక్కుతా.”

“చేపల కంపు చేతుల్తో నా తొట్టి ముట్టుకోకు.”

“కడుక్కునే వచ్చాలే. మూత తీశా. అంచు నుంచి సారా తగిలేదాకా ఖాళీ నలభై ఒకటిన్నర సెంటీమీటర్లు. తొట్టి కొలతల పట్టీ నీ వెనకే గోడకుంది. ఎంత సారా ఉన్నట్టో చూడు.”

“దిగు.”

“చూడు బావా. చూసి చదువు.”

“పుస్తకం లెక్కకి ముప్ఫై అయిదు లీటర్లు తక్కువ.”

“పందొమ్మిది కదా?”

“ముప్ఫై అయిదు.”

“మరి ఈ పదహారు లీటర్లూ ఎవరు మోసుకెళ్లారు? బూడిదైపోయి సమాధిలో ఉన్న మా అక్క లేచొచ్చిందా?”

“నోరు జాగ్రత్త.”

“నేనా జాగ్రత్తగా ఉండాల్సింది? ఉండు, అటు సముద్రం వైపు తొట్టి కడగడానికి ఇంకో మూత ఉందిగా. అక్కడా దించుతా.”

“ఇవావో, దిగమన్నాను.”

“ఇక్కడ ముప్ఫై ఏడున్నరే. ఒకటే తొట్టి, ఒకటే సారా. కొండ వైపు అంత, సముద్రం వైపు ఇంత. సారా ఏటవాలుగా నిలబడుతుందా ఎక్కడైనా? ఆ మేకుకి నీ రసమట్టం వేలాడుతోంది, అందుకో.”

“అందుకోను.”

“సరే, నేనే దిగి తీసుకుంటా. ముప్ఫై ఏళ్లూ నీ చేతిలోనే ఉందిగా ఇది, దీన్నైనా నమ్ముతావా? ఇదిగో, అంచు మీద పెట్టాను. బుడగ కొండ వైపు చివరకి పోయి కూచుంది. తొట్టి సముద్రం వైపు ఒరిగింది బావా. కింద నేల దిగింది.”

“నా నేల దిగదు.”

“దిగింది.”

“నడుం లోతు బూడిద తోడించి, రాళ్లు పరిచి, దిమ్మిస కొట్టించి పోసిన నేల అది. నా చేత్తో పోశాను.”

“నీ చేత్తోనే పోశావు, ఎవరు కాదన్నారు? సముద్రం ఒడ్డున పోసింది. ఆ వైపు నెలకి ఇంత చొప్పున దిగుతోంది. మనం కొలిచే మూత ఎత్తు పక్కన ఉంది, అందుకే నెలనెలా కాస్త కాస్త తగ్గినట్టు చూపించింది. రెండు పక్కల కొలతలకీ మధ్యన ముప్ఫై తొమ్మిదిన్నర. పట్టీలో ఎంత?”

“పుస్తకం ప్రకారం ఎంత ఉండాలో అంత.”

“చుక్క కూడా పోలేదన్నమాట.”

“పోలేదు.”

“అక్క చివర్లో నాకు ఫోన్ చేసేది. నువ్వు వేరుగా అన్నం వండుకు తింటున్నావని చెప్పింది. గొడవేంటని అడిగితే, చిలగడదుంపలు ఈ ఏడాది బాగా ఊరాయి, పంపిస్తాను అంది. అంతే. అక్క ఫోటో ఉన్న గూటి తలుపులెందుకు మూశావు?”

“బూడిద పడుతుందని.”

“ఏడాది పొడుగునా పడిందా?”

“ఇక్కడ ఏడాది పొడుగునా పడుతుంది. నీకు తెలుసు.”

“తెలుసు. కూచో బావా. ఇటు చూడు. ఫోన్ పెట్టేశాక ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లాను. మొదట నువ్వు రాసిచ్చింది వెనక్కి తీసుకుని ఈ కాగితం ఇవ్వొచ్చంట, ఒంటిగంట లోపు. మూడే గళ్లు. నేను రాస్తా, నువ్వు ముద్ర వెయ్యి. తగ్గిన సారా ఎంత? ఏమీ లేదు. రాయనా?”

“రాయి.”

“తేడాకి కారణం. నేల దిగి తొట్టి ఒరిగింది.”

“రాయి.”

“నీ నేలే బావా.”

“చెవుడు లేదు నాకు. రాయమన్నాను.”

“రాశా. సుమియె పేరు లేదు, నా కొట్టు పేరూ లేదు. ఇక మూడోది. కారణం తెలిసిన తేదీ. ఇదే ముఖ్యమని రెండుసార్లు చెప్పింది. తెలిసిన రోజే చెప్పుకుంటే మందలించి, తొట్టి మళ్లీ కొలిపించుకోమని వదిలేస్తారంట. తెలిసి కూడా నెలనెలా తప్పు లెక్క పంపితే మాత్రం లైసెన్సు లాక్కుంటారు. ఇవాళ డిసెంబరు పన్నెండు. పన్నెండనే వేస్తున్నా.”

“ఆగు.”

“ఏం? పదమూడా ఇవాళ?”

“ఆ తేదీ వెయ్యకు.”

“ఇప్పుడేగా తెలిసింది.”

“పోయిన ఏడాది నవంబరు తొమ్మిది వెయ్యి.”

“నవంబరు తొమ్మిదేంటి? పదో తారీకునేగా అక్కని ఆస్పత్రిలో చేర్చింది.”

“ముందు రోజు. పళ్లెం అంచుదాకా నీళ్లు పోసి తెచ్చి తొట్టి మీద పెట్టింది. ఒక పక్కనించే ఒలికాయి. ‘చూడండి’ అంది.”

“చూశావా?”

“చూశాను.”

“ఏమన్నావు?”

“దొంగకి తెలివితేటలు ఎక్కువన్నాను.”

“బావా.”

“అదే ఆఖరి మాట. ఆస్పత్రికి నువ్వే తీసుకెళ్లావు. నేను రాలేదు. ఆ నెలాఖరుకి కర్ర పట్టుకున్నాను, ఎక్కలేకపోయాను. పాత అంకె వేశాను. ఒక నెల వేశాక రెండో నెల ఏమని చెప్పను?”

“అయితే పోయిన వారం ఆ కాగితం? తెలిసి తెలిసి అక్కనీ నన్నూ దొంగలని రాశావా?”

“వెయ్యి, నవంబరు తొమ్మిది.”

“వెయ్యను. ఇవాళ్టి తేదీ వేస్తే ఎవడికీ తెలీదు. నేను చెప్పను, అక్క చెప్పదు. బట్టీ నిలబడుతుంది. ఆ తేదీ వేస్తే సాయంత్రానికి తాళం పడుతుంది. ఈ వయసులో ఎక్కడికెళ్తావు?”

“పెన్ను ఇటివ్వు.”

“ఆలోచించు బావా. ఒక్క అంకె.”

“ఇటివ్వు. నేనే వేసి ముద్ర వేస్తాను. ఒంటిగంటకి వాళ్లడిగితే కాగితం చదువుకోమంటాను. నువ్వు మాత్రం అడక్కు. ఇవాళ కాదు, దాని సంవత్సరీకం రోజు కాదు, నేను పోయే రోజు కాదు. ఈ సంగతి మళ్లీ నా నోట రాదు.”