వేపనూనె పట్టించిన పదకొండు రోజులు

పశువుల ఆసుపత్రిలో రేకు బల్ల. దాని మీద నల్లకుక్క, కుక్క తల కింద మాస్టారి అరచెయ్యి. ఎదురుగా, ఒకప్పుడు ఆయన దగ్గర వృక్షశాస్త్రం చదువుకున్న డాక్టరమ్మ.

"మళ్ళీ పట్టాయా, మాస్టారూ?"

"పట్టడమేంటమ్మా, వదిల్తేగా! పొద్దున చెవుల్లోంచి ఇరవై మూడు పిడుదులు తీశా. ఇప్పుడు చూడు, మళ్ళీ."

"వేపనూనె మానేశారా?"

"పదకొండు రోజులు. ఒక్క పూట తప్పలేదు. కొబ్బరినూనెలో కలిపి, వెంట్రుకలకి ఎదురుగా, నువ్వు చెప్పినట్టే. వావిలాకు కాచి ఆ నీళ్ళతో స్నానం. సీతాఫలం గింజలు కూడా నూరా, కానీ..."

"కానీ?"

"కంట్లో పడితే ప్రమాదమని క్లాసులో చెప్పింది నేనేగా. పారబోశా."

"బతికించారు. పొగాకు నీళ్ళు?"

"ఎదురింటాయన పొయ్యమన్నాడు. విషమయ్యా అంటే వినడే! ఆయన మీదే పోద్దామనుకున్నా."

"ఏదీ, నోరు తెరవమ్మా... బంగారుతల్లీ..."

"చూడు, నీ గొంతు వినగానే తోక కదిపింది. నిన్నంతా అదీ లేదు."

"చిగుళ్ళు చూశారా?"

"చూశా."

"తెల్లకాగితంలా పాలిపోయాయి. రక్తమంతా పీల్చేస్తున్నాయి. జ్వరానికి సూదేస్తా. కానీ మళ్ళీ ఇన్ని పడితే వారం ఆగదు, మాస్టారూ."

"దాని ముందు అనకు ఆ మాట."

"మెడ మీద వేసే చుక్కల మందుతో ఆ రోజు దీనికి మూర్ఛ రాకపోయుంటే ఈ తిప్పలే లేవు. సరే, ఇంటి సంగతి చెప్పండి. పిడుదు రక్తం తాగేది కుక్క మీద, గుడ్లు పెట్టేది కిందకి దిగి. గోడ పగుళ్ళు, తలుపు సందులు..."

"సున్నం కొట్టించా. వేపాకు పొగ వేశా. ఇద్దరం దగ్గలేక చచ్చాం."

"మరి పడుకునేది దేని మీద?"

"నేల మీదే."

"ఉత్త నేల మీదా?"

"ఏదో... పాత బొంత."

"ఎప్పుడు ఉతికారు?"

"సన్న సూదే వేస్తావుగా? దీనికి సూదంటే..."

"మాస్టారూ. బొంత."

"ఉతకలేదమ్మా."

"ఎన్నాళ్ళుగా?"

"మా ఆవిడ పోయినప్పట్నుంచి."

"ఏడాదిన్నర!"

"ఆవిడ చేత్తో కుట్టింది. ఇంకా ఆవిడ వాసన ఉంది. ఆవిడ ఆస్పత్రి నుంచి తిరిగి రానప్పుడు ఇది నాలుగు రోజులు ముద్ద ముట్టలేదు. ఆ బొంత పరిస్తే, దాంట్లో ముక్కు పెట్టుకుని తింది."

"కుట్టు కుట్టులోనూ గుడ్లుంటాయి. మీరు పొద్దున పట్టించిందంతా రాత్రికి వృథా."

"ఎండలో వేస్తే?"

"లోపలివి చావవు."

"వేపనూనె చల్లి..."

"వేప తరుముతుంది, మాస్టారూ. ఆ కుట్ల లోపలికి చేరదు. మరిగే నీళ్ళలో వెయ్యాలి, లేదా కాల్చెయ్యాలి. ఇవాళే."

"మరిగిస్తే ఆ వాసన..."

"పోతుంది."

"ఇంకేదైనా ఆకు... ఏదైనా..."

"ఉంటే చెప్పనా? నేను కొత్త దుప్పటి ఇస్తాను. రెండ్రోజులు అలుగుతుంది. మూడోనాడు ఆకలేసి దానంతటదే ముద్ద తింటుంది. కుక్కలు అలవాటు పడతాయి, మాస్టారూ."

"పడతాయి. కుక్కలు పడతాయి."

"మరి దేనికి ఆలోచిస్తున్నారు?"

"ఆ బొంతలో దానికిచ్చింది ఒక్క మూలేనమ్మా. మిగతాదంతా నేనే కప్పుకుంటున్నా."