పామిడి ప్రింటులో లేని ముక్క

పామిడి సినిమా హాల్లో ముప్పై ఏళ్ల నాటి కబడ్డీ సినిమా మార్నింగ్ షోకి మళ్లీ వచ్చింది. ఇంటర్వెల్ గంట మోగగానే కబడ్డీ కోచ్ తిప్పేస్వామి, బామ్మర్ది ఓబులేసు పనిచేసే ఆపరేటర్ గదిలోకి దూరి లోపల గడియ పెట్టాడు.

“గడియ ఎందుకు బావా? ఈడ అసలే ఉడుకు.”

“ఓబులేసూ, నీకు దండం పెడతా. ఇంటర్వెల్ అయితానే వచ్చే ఆ మ్యాచి ఎయ్యొద్దు.”

“మ్యాచి ఎయ్యకుంటే ఇంకేముండాది ఆ సినిమాలో? జనం కుర్చీలు ఇరగ్గొడతారు. పొద్దున్నే నీకు శాలువా కూడా కప్పిరి గదా.”

“వాళ్లు కప్పినారు. నేను అడిగినానా?”

“వద్దన్యావా?”

“...వద్దనలే.”

“అది సరే గానీ, నిన్నటి నుంచి నీకొక మాట చెప్పల్లని...”

“ముందు నాది ఇను. మీ అక్కకు చెప్పనని ఒట్టెయ్యి.”

“ఒట్టు. బిరీన చెప్పు.”

“సినిమావాళ్లు మన పెన్న ఇసకలో షూటింగు పెట్టినప్పుడు, హీరో కూతకు వస్తాడు, నువ్వు ఎత్తి కింద ఎయ్యల్ల అన్నారు నాకు.”

“తెలుసులే. ఎత్తేసినావు. నడుము పట్టేసి హీరో రెండు దినాలు మంచం దిగలే. అభిమానులు గలాటా చేస్తారని, అప్పుడు ఈడ ఆపరేటరుగా ఉన్న మా నాయన మన ఊరి ప్రింటులో ఆ ముక్క కోసేసినాడు. నా బిడ్డలు కూడా నిద్రలో చెప్తారు ఈ కత.”

“ఎత్తలే.”

“ఏందీ?”

“ఎత్తలే అప్పా! ఆయప్ప ఎదురుంగా వచ్చి నిలబడేసరికి చేతులు ఆడలే. చిన్నప్పటి నుంచి పటం పెట్టి దండేసిన మొగం అది. ‘రా సామీ’ అని దండం పెట్టి, పక్కకు జరిగి దావ ఇడిసినా.”

“ఆట మధ్యలోనా?”

“మధ్యలోనే. తలకాయ కూడా వంచినా.”

“బావా! కెమెరా తిరుగుతాండగా!”

“నవ్వొద్దురా.”

“నవ్వలే, దగ్గు. మల్ల?”

“సినిమా మన ఊరికొచ్చే ముందు మీ నాయన దగ్గరికి పోయినా. అప్పటికింకా మామ కాలే. కొమ్ములు తిరిగిన పొట్టేలును తోలకపోయి ‘నరసింహప్పన్నా, నా ముక్క కోసెయ్యి’ అని బతిమలాడినా. పొట్టేలును కట్టేసుకున్యాడు. కోసేసినా పోప్పా అన్యాడు. ఆపైన ఊర్లో నాకు నచ్చినట్ల చెప్పుకున్యా.”

“అంటే నువ్వు సినిమా చూడనే లేదా?”

“ఏ మొగం పెట్టుకొని చూస్తా? ఆడినన్నాళ్లూ ముదిగుబ్బలో మా చిన్నమ్మ ఇంట్లో దాంకొన్యా. ఇప్పుడు నువ్వేమో ‘ఒక్క ముక్క కూడా కోయని పూర్తి సినిమా’ అని పోస్టరు అంటిస్తివి!”

“అదే చెప్తాండా బావా, నా మాట...”

“కింద నా ఆడపిల్లలు ఇరవై మంది కూకోనుండారు. వచ్చే వారం జిల్లా పోటీలు. ‘ఎవరొచ్చినా భయపడొద్దు, నేను హీరోనే ఎత్తేసినా’ అని దినామూ చెప్పి తయారు చేసినా. ఇప్పుడు నా దండం చూసినారంటే అయిపాయ! అవతల ఎవురన్నా గట్టిగా కూత పెడితే, ఇరవై మందీ వరసగా నిలబడి దండం పెడతారు!”

“ఇది వెనకటి రీలు కాదు, కత్తెరతో కోసేకి. కంప్యూటర్లో ఉండాది. నేను బటన్ నొక్కల్ల, అది ఆడల్ల.”

“కంప్యూటరుకు కూడా ఒక పొట్టేలు ఇస్తా.”

“అది తినదు బావా. జరుగు. ఏయ్, ఏం చేస్తాండావు? అది మెయిన్ స్విచ్! లాగొద్దు...”

“లాగినా.”

“అయ్యో నా బతుకు! ఆ కేకలు ఇను! ఈ యంత్రం మళ్లీ లేయల్లంటే ఇరవై నిమిషాలు! నన్ను ఒక్క మాట చెప్పనిస్తివా?”

“ఏం మాట?”

“నిన్న టెస్టు షో వేసుకొని మొత్తం చూసినా. నువ్వు లేవు.”

“లేనా?”

“యాడా లేవు. సినిమా తీసినోళ్లే కోసేసుకున్యారు. శాలువా కప్పుతాంటే నీకు ఎట్ల చెప్పేది?”

“ఒక్క చెయ్యి? భుజమన్నా?”

“ఒక్క వేలు కూడా లేదు.”

“నేను దండం బాగానే పెట్టినానే!”

“ఇప్పుడేగదా ఎయ్యొద్దని ఏడిస్తివి?”

“అది వేరే. ఆగు, ఆగు. సినిమాలోనే లేకుంటే, మీ నాయన కోసిందేంది?”

“ఏమీ కోయలే. పొట్టేలును తప్ప.”

“ముసలోడు! నా పొట్టేలు... ఎవరది, తలుపు కొట్టేది?”

“నేనప్పా, తిప్పమ్మను! గడియ తీయండి.”

“రా అక్కా. కింద టికెట్లు వాపసు అడుగుతాండారా?”

“ఎవరు అడుగుతారు? మీ బావ సీను వస్తాందని తెలిసి హీరో మనుషులే కరెంటు తీసేసినారంట. ముప్పై ఏండ్లయినా కక్ష పోలేదంట. ఆడపిల్లలు కుర్చీలెక్కి ‘మా సారుకు అన్యాయం’ అని అరుస్తాండారు. జిల్లా కప్పు తెచ్చి ఈయప్ప ముందర పెడతారంట.”

“చూస్తివా ఓబులేసూ!”

“ఏం చూసేది? కరెంటు వేసినాక నీ సీను రాకుంటే?”

“రాకుంటే, ఈ చీకట్లోనే కోసేసినారంటారు. ఎయ్యిరా తమ్ముడూ.”

“తిప్పమ్మా... నీకెట్ల తెలుసు?”

“మా నాయన పెండ్లికి ముందే చెప్పినాడు. నీ దండం కత, పొట్టేలు కత, సినిమాలో నువ్వు లేనే లేవనేది, అంతా.”

“చెప్పి కూడా నాకు పిల్లనిచ్చినాడా?”

“పరువు కోసం పొట్టేలును ఇచ్చేవాడు పెండ్లాన్ని పస్తు పెట్టడులే అన్యాడు.”

“అది సరేలే. కానీ అంత పొట్టేలు! అన్యాయంగా ఒక్కడే ఎట్ల తిన్యాడే?”

“ఒక్కడే యాడ తిన్యాడు? మన పెండ్లయిన మరుసటి దినం విందులో నువ్వే మూడుసార్లు ఏయించుకుంటివి గదప్పా, మా మామది పెద్ద చెయ్యి అనుకుంటా!”