చెవులపిల్లికి లంఖణం

లంఖణాల కోటిలింగమని ఒక వైద్యుడుండేవోడంట గడ్డమీదిపాలెంలో. ఇంటిపేరు ఇంకేందో ఉండే ఉండుద్ది, జనం దాన్నెప్పుడో మర్చిపొయ్యారు. ఎందుకంటే ఆయన దగ్గిరికి కడుపునొప్పని పో, తలనొప్పని పో, కాలు బెణికిందని పో, ముందు మూడు రోజులు లంఖణం అనేవోడు. లంఖణం పరమౌషధం అన్నారు గదా పెద్దోళ్ళు, ఆ ఒక్క మాట పట్టుకోని ఊరినంతా ఎండబెట్టాడనుకో. నవ్వబాకండి, చానామందికి తగ్గేది గూడా. మనకొచ్చే జబ్బుల్లో సగం పీకలదాకా తిన్న జబ్బులే గదా, మానితే తగ్గక ఏమవుద్ది! ఆయనకింకో పద్ధతి ఉండేదంట. ఎవరికన్నా లంఖణం చెప్పాడంటే ఆ ఇంటి గుమ్మానికి తన చేత్తో ఒక వేపమండ కట్టేవోడు. మండ ఉన్నన్నాళ్ళూ రోగికి మెతుకు పెట్టగూడదు. మళ్ళా ఆయనే వచ్చి విప్పాల. ఇంకెవరన్నా విప్పితే ఆ ఇంట్లో జన్మలో అడుగు పెట్టను అనేవోడు. ఊరికే అనడం గాదు, పెట్టేవోడు గాదు. మునసబు తల్లి మనవడి ఏడుపు చూడలేక మండ తెంపేసిందని, ఆ మునసబే వచ్చి బతిమాలినా ఆ గుమ్మం తొక్కలా.

సరే, ఏమైందంటే, కొండవాలున గడ్డిమోపులు కోసి అమ్ముకునే అంకమ్మ అని ఒకామె ఉండేది. ఆమెకి కడుపులో శూల వస్తే ఈయన మండ కట్టాడు, తగ్గింది. ఆమె దగ్గిర ఇయ్యడానికేముంది పాపం, చెవులపిల్లులు, అదే మీరు కుందేళ్ళంటారే, అయ్యి సాకేది, ఒక తెల్ల చెవులపిల్లిని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. దాంతో పుట్టిన ఇంకోదాన్ని గానుగ సాంబయ్యకిచ్చిందంట. వైద్యుడి మొగం చూడాల అప్పుడు! ముప్ఫై ఏళ్ళు రోగాలు తప్ప ఇంకోటి చూడని మనిషి గదా, అంత మెత్తటిది ఒళ్ళో కూచునేతలికి కరిగిపొయ్యాడు. దానికి దొరబాబని పేరు పెట్టాడు. పొద్దున లేస్తే దొరబాబూ, పొద్దుగూకితే దొరబాబూ. ఇక్కడ చూడండి తమాషా. లంఖణం చేసేవాళ్ళ ఇళ్ళల్లో పిండివంటలేం చేస్తారు? వైద్యుడికి పంపిస్తారు. అరిసెలు, అటుకులూ బెల్లమూ, చక్కెరకేళీ పళ్ళు. ఆయన పథ్యం మనిషి, వేలు పెట్టి ముట్టడు. అవన్నీ దొరబాబుకే. ఊరందరికీ ఉపాసం, చెవులపిల్లికి పెళ్ళిభోజనం. పెళ్ళాం పోయి నాలుగు గడ్డిపోచలు తెచ్చేస్తే, "మా దొరబాబుకి అడివి మేత ఎందుకే" అని తీసి పారేసేవోడంట. మనుషులకైతే గంజినీళ్ళు కొలిచి పోసేవోడికి, దీని దగ్గిర కొలతే లేకుండా పోయింది. ముద్దు ఎక్కువైతే బుద్ధి తక్కువవుద్ది లే ఎవరికైనా.

ఇప్పుడు ఆయన పెళ్ళాం సంగతి చెప్పాల. ఆయన నాడి చూసే మనిషి, ఆమె చీపురు పట్టే మనిషి. రోజూ తెల్లారగట్ల ఇల్లూడిస్తే చెవులపిల్లి పెంటికలు చేటలోకి ఎత్తేదంట, శనగగింజంత, గుండ్రంగా, ఎండిపోయి, వాసనే లేకుండా. చీ అనబాకండి, కథంతా అందులోనే ఉండాది. కొంతమంది తిట్టుకుంటా ఊడుస్తారు. ఆమె చూసుకుంటా ఊడ్చేది. ఒక రోజేమైందంటే, చేట సగమే నిండింది. మర్నాడు చూస్తే ఇంకా తగ్గినయ్యి, మిరియాలంత అయిపొయ్యినయ్యి, కొన్నేమో దాని బొచ్చుకే పూసలు గుచ్చినట్టు ఒకదానెనక ఒకటి అంటుకోని ఉండయ్యి. ఇదేందబ్బా, తిండేమో అంత తింటది, రావాల్సింది ఇంతేనా, మిగతాదంతా యాడికి పోతంది? అని ఆమెకి అనుమానం పట్టుకుంది. నాలుగు పెంటికలు ఆకులో పెట్టుకోని మొగుడి దగ్గిరికి పోయి, "ఏమండీ, దొరబాబు కడుపు సరిగ్గా లేదు, చూడండి" అందంట. ఆయన ముక్కు మూసుకోని, "పొద్దున్నే నాకు చూపించేవా ఇయ్యి? దాని మొగం చూడు, ఎంత కళగా ఉండాదో! నువ్వూ నీ చేటా!" అని కసిరాడంట. ఆమె ఆకు మాత్రం పారెయ్యలా, గూట్లో పెట్టింది.

పెట్టిందా, ఆ సాయంత్రం ఆయన అరిసె ముక్క నోటి దగ్గిర పెడితే దొరబాబు మొగం తిప్పుకుంది. బెల్లం పెడితే తిప్పుకుంది. మూలకి పోయి వీపు గూని చేసుకోని, ముడుచుకోని, కళ్ళు సగం మూసుకోని కూచుంది. పళ్ళు మాత్రం కటకటా కొరుకుతా ఉండాది. దానికి నొప్పిగా ఉంటే అంతేనంట, అరవదు. ఎందుకరవదంటే, అడివిలో పుట్టిన జాతి గదా, నాకు నలతగా ఉండాదని అరిచిందంటే ముందొచ్చేది అమ్మ గాదు, నక్క. అందుకని చచ్చేదాకా బాగున్నట్టే ఉండుద్ది, చూసేవాళ్ళకి కళ్ళుండాల. వైద్యుడు దాన్నెత్తుకోని నాడి కోసం వెతికాడు. కాలు పట్టుకుంటే కాల్లో దొరకలా, చెవి పట్టుకుంటే చెవి మంచుముక్క. పొట్ట తడితే డోలు మాదిరి ఉండాది. "అజీర్ణం" అన్నాడు. చూడండి, రోగం సరిగ్గానే చెప్పాడు. మందుకాడే కాలు జారాడు. "మూడు రోజులు లంఖణం" అన్నాడు. రోగి ఎవరింట్లో ఉండాది? ఆయనింట్లోనే. పద్ధతంటే పద్ధతే గదా, తన గుమ్మానికి తనే వేపమండ కట్టుకున్నాడు. కట్టేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి దొరబాబుని చూశాడంట, ప్రేమ లేక గాదు మరి.

తెల్లారింది. ఆయన పక్కూళ్ళో ఎవరికో బాలేదంటే పొయ్యాడు. ఈమె చీపురు తీసుకుంది. ఈ మూల నుంచి ఆ మూలదాకా ఊడ్చింది, ఒక్క పెంటిక లేదు. బుట్ట కింద చూసింది, లేదు. ఏ ఇల్లాలికైనా ఊడ్చే పని లేకపోతే సంతోషం గదా, ఈమె మాత్రం చీపురు ఆడనే పడేసింది. దొరబాబు ఆ మూలనే ఉండాది, ఈగ వాలినా చెవి కదపడంలా. ఇంక ఆగలా. కొంగు బిగించి కొండవాలుకి పరిగెత్తింది, అంకమ్మ దగ్గిరికి. అంకమ్మ గడ్డి కోస్తా, "ఏందమ్మా వైద్యుడింటమ్మా, ఇంత పొద్దున్నే" అందంట. ఈమె రొప్పుకుంటా సంగతి చెప్పింది. "తిని ఎంతసేపయింది?" "నిన్న మజ్జాన్నం నించి తినలా." "పెంటిక?" "ఇయ్యాల ఒక్కటీ లేదే." అంకమ్మ కొడవలి కింద పెట్టేసింది. "అమ్మా, కుక్కకి బాలేకపోతే గడ్డి తిని కక్కుద్ది, పిల్లీ కక్కుద్ది. దీనికి కక్కడం రాదు. లోపలికి పోయిందానికి ఒకటే దోవ. ఆ దోవ తిరణాల్లో జనం మాదిరి, వెనకోడు తోస్తేనే ముందోడు కదిలేది. పీచు మేత పడతా ఉండాల, పేగు కదలతా ఉండాల. ఆగిందంటే ఒక పగలూ ఒక రేయీ, అంతే. మూడు రోజులు మాడ్చమని ఎవరమ్మా చెప్పింది?" "మా ఆయనే." అంకమ్మ, "నాకు తగ్గింది గదమ్మా మరి" అందంట. "నువ్వు మనిషివి అంకమ్మా" అందంట ఈమె.

అంకమ్మ లేత గరిక కోసి ఒళ్ళో పోసి, ఏం చెయ్యాలో చెప్పి పంపింది. ఇప్పుడైతే మనం పశువుల డాక్టరు దగ్గిరికి ఎత్తుకోని పరిగెత్తేది, పరిగెత్తాల్సిందే. ఆ కాలంలో యాడుండాడు! ఇంటికొచ్చింది, గుమ్మానికి మండ ఉండాది. నిలబడిపోయింది పాపం. ముప్ఫై ఏళ్ళలో ఆయన మాటకి ఎదురు చెప్పిన మనిషి గాదు. ఇప్పుడు మండ విప్పిందంటే ఆయన ఒట్టు ప్రకారం ఆ ఇంట్లో అడుగు పెట్టగూడదు. ఆ ఇల్లేమో ఆయనదే! ఊరంతా నవ్వుద్ది. విప్పకపోతే లోపలున్న ప్రాణం సాయంత్రానికి ఉండదు. మీరైతే ఏం చేస్తారు? ఆలోచించుకోండి. ఆమె మాత్రం ఎక్కువ ఆలోచించలా. పట్టుకోని ఒక్క లాగు లాగింది.

లోపలికి పోయి, ఇటుక వేడి చేసి, పాతగుడ్డ మడతల్లో చుట్టి దొరబాబు పక్కన పెట్టింది, ఒళ్ళు ఎచ్చబడాలని. గరిక పచ్చిది ముందు మూతి దగ్గిర పెట్టింది, వాసన చూసి వదిలేసింది. అప్పుడు గరిక రోట్లో నూరి, గోరెచ్చటి నీళ్ళతో పల్చగా కలిపి, ఉగ్గుగిన్నెతో నోటి పక్కన పళ్ళ సందులో ఒక చుక్క పోసింది. పైకెత్తి గొంతులో పొయ్యగూడదంట, పొరబోద్ది. చుక్క మింగిందాకా చూడాల, మింగినాక ఇంకో చుక్క. మధ్యలో పొట్ట మీద అరచెయ్యి ఆనించి మెల్లిగా నిమరడం, కాసేపు దించి నాలుగడుగులు వేయించడం, మళ్ళా ఒక చుక్క. అట్టా కూచుందంట పొద్దువాలిందాకా, అన్నం గూడా తినకుండా.

పొద్దువాలినాక వైద్యుడొచ్చాడు. గుమ్మం చూశాడు, మండ లేదు. "ఏమే! ఎవరే విప్పింది?" "నేనే విప్పాను." ఇంక చూస్కోండి, కాలు లోపలికి పెట్టబోయి టక్కున ఆపుకున్నాడు. ఒట్టు గుర్తొచ్చింది గదా! అరుగు మీద కూలబడి తిట్టడం మొదలుపెట్టాడు. నా పేరు పొయ్యింది, ముప్ఫై ఏళ్ళ పరువు పొయ్యింది, నీకు వైద్యం ఏం తెలుసే అని. ఆమె చుక్క పోస్తానే ఉండాది. తిట్టీ తిట్టీ ఆయన అలిసిపొయ్యాడు. అలిసిపొయ్యాడు గానీ మనిషి ఊరికే ఉండలేడు గదా, మెల్లిగా మెడ చాచి లోపలికి చూశాడు. "ఏందే పోస్తన్నావ్?" "గరిక." "ఎంత పోశావ్?" "రెండు ఉగ్గుగిన్నెలు." ఇంకాస్త ముందుకొంగి, "చెవులు ఎట్టుండయ్యి?" "ఇందాక సల్లగుండయ్యి, ఇప్పుడు కాస్త నయం." "పొట్టకి చెవి ఆనించి చూడవే, ఏవన్నా చప్పుడుందా?" ఆమె ఆనించింది. "గుడగుడమంటంది." ఆయన లేచి నిలబడ్డాడంట. కోపం యాడికి పోయిందో మరి, "నిమురు, నిమురు, ఇంకాస్త నిమురు" అంటాడు బయట నించి. ఎంతైనా వైద్యుడు గదా, తెలియనిది కనపడితే తెలుసుకోకుండా ఉండలేడు. ఈ గుణం ఒక్కటి ఉండబట్టే ఆయన్ని నేను క్షమించాను.

ఆ రాత్రి సంగతి నన్నడగబాకండి, నేను లేను. తెల్లారేతలికి ఆమె బయటికొచ్చి అరచెయ్యి చాపింది. అరచేతిలో ఒక పెంటిక. చిన్నదే, వంకర టింకరగా ఉండాది. మొన్న ముక్కు మూసుకున్న మనిషి, దాన్ని రెండు వేళ్ళతో తీసుకోని, ఎండకి పెట్టి చూసి, నలిపి చూసి, ముసలి మొగమంతా తడుపుకోని ఏడ్చాడంట. "ఎట్టా తెలిసిందే నీకు?" "మొన్ననే చెప్పడానికొచ్చాను గదండీ, ఆకులో పెట్టుకోని." తలొంచుకోని, "నేను లోపలికి రావచ్చంటావా?" అన్నాడు. "మీ ఒట్టు వైద్యుడిది, మొగుడిది గాదు. కాళ్ళు కడుక్కోని రండి" అందంట.

ఆయన కాళ్ళు కడుక్కుంటన్నాడో లేదో, గానుగ సాంబయ్య వచ్చాడు, ఎనకాల నలుగురు. సాంబయ్య చేతిలో గుడ్డలో చుట్టిన చెవులపిల్లి, అదీ ముడుచుకోని ఉండాది. గానుగాడగా మిగిలిన తెలగపిండి ముద్దలు ముద్దలుగా మేపాడంట మహానుభావుడు. వాకిట్లోనించి లోపలికి చూస్తే దొరబాబు గరికపోచ నములుతా కనపడింది. "ఆహా, చూశారా లంఖణం మహిమ! ఒక్కరోజుకే లేచి కూచుంది. అయ్యా, మా గుమ్మానికీ ఒక మండ కట్టండి" అన్నాడు సాంబయ్య. జనమంతా అవునవునన్నారు. ఆమె తలుపెనకాల నిలబడి ఉండాది. ఆయన ఊ అంటే చాలు, పేరు నిలబడుద్ది, పరువు నిలబడుద్ది, సాంబయ్య చెవులపిల్లి మాత్రం చస్తది. ఆయన సాంబయ్య చేతిలోదాన్ని చూశాడు. దాని చెవి పట్టుకున్నాడు. మంచుముక్క. "కట్టను సాంబయ్యా" అన్నాడు, "మండ కడితే ఇది చస్తది. నాదీ నా చేతుల్లోనే చచ్చేది. బతికించింది నేను గాదు. లోపలికి తీసకపో, పేరిందేవి చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. సాంబయ్య ఎనక్కి తిరిగి జనం మొగాలు చూశాడు. జనం సాంబయ్య మొగం చూశారు. "పేరిందేవా? ఆమె ఎవరయ్యా, ఏ ఊరి వైద్యురాలు?" అన్నాడంట. ముప్ఫై ఏళ్ళ నించి ఆమె చేతి మజ్జిగ తాగని మనిషి లేడు ఆ ఊళ్ళో.

సాంబయ్యది గూడా బతికిందిలే, కంగారుపడబాకండి. ఇంతసేపు కథ చెప్పానా, వైద్యుడి పేరు విన్నారు, చెవులపిల్లి పేరు విన్నారు, గడ్డి కోసుకునేదాని పేరు విన్నారు, ఆఖరికి గానుగోడి పేరు గూడా విన్నారు. అన్నీ చేసినామె పేరేందే అవ్వా అని మీలో ఒక్కరన్నా అడిగారా? ఎందుకులే మిమ్మల్ననడం. మా అమ్మ చెప్పినప్పుడు నాకూ అడగాలని తోచలా.