తప్పు నడిచే గడియారం

హలో… ఆ, నేనే. ఓదిల్‌నే. చెప్పు అర్మాన్…

లేదులే, భోజనాలింకా కాలేదు. బంగాళాదుంపల గ్రాతాన్ ఓవెన్‌లో ఉంది. ఆదివారం కదా, మా అత్తగారొచ్చారు. ఏడేళ్ళ నుంచీ మీరంతా ఆ లాబ్‌లో ఏం వెలగబెడుతున్నారని అడుగుతున్నారు…

ఏం చెప్తాను? పరమాణువు మధ్య, కేంద్రకంలో కూర్చున్నన్నాళ్ళూ న్యూట్రాన్ గుండ్రాయిలా ఉంటుందత్తయ్యా, ఒంటరిగా బయటికి లాగామా, పావుగంటకల్లా విరిగి ప్రోటానూ ఎలక్ట్రానూ అయిపోతుంది, ఆ పావుగంట కచ్చితంగా ఎంతో కొలుస్తున్నాం అన్నాను. పావుగంట కొలవడానికి ఏడేళ్ళా అని ఒకటే నవ్వు…

ఏమిటీ?

… మళ్ళీ చెప్పు.

… గడియారం పెట్టె తెరిచావా? సీలు పీకి, నీ చేతి వాచీ పక్కన పెట్టి చూశావా!

నీ బుద్ధి గడ్డి తిన్నదా? ఆ గడియారం తప్పు నడవాలనే కదా మన లెక్కల్లో చెయ్యి పెట్టని మదాం బ్రియాల్‌తో దాన్ని తిప్పించాం! ఎంత తప్పో ఆవిడకొక్కదానికే తెలియాలనే కదా! మన లెక్కలన్నీ ముగిశాక ఆవిడ నోరు విప్పితే, అప్పుడు అసలు అంకె చూద్దామనే కదా అనుకున్నాం!

… చూస్తే ఏమవుతుందా? ఈ మాట నువ్వు అడుగుతున్నావా?

… ముందే తెలిస్తే చెయ్యి ఊరుకోదు, అదీ అవుతుంది! మనకి కావలసిన అంకె వచ్చేదాకా అటు దిద్దుతాం, ఇటు దిద్దుతాం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నీకే కాదు, నాకూ అంతే…

ఆగు. ఎప్పుడు తెరిచావు?

… గురువారం. మరి శుక్రవారం నా గదికొచ్చి ఏమన్నావు? వసంతంలో తీసిన కొలతలు బాగాలేవు, పారేద్దాం అన్నావు. పిచ్చిదాన్ని, సరేనన్నాను! అంకె తెలిసే అడిగావా?

… నిజం చెప్పు.

… ఛీ!

అరుస్తాను! అత్తయ్య వింటే విననీ!

… కుదరదు. రేపు అందరి ముందూ చెప్తాను. నువ్వు తప్పుకో. ఆ కొలతలన్నీ మళ్ళీ పెట్టి, మిగతా లెక్క నేనూ, మన మూడో మనిషి సోలాంజూ చూసుకుంటాం…

వద్దు. ఎంతొచ్చిందో నాకు చెప్పకు. అర్మాన్, నోరు ముయ్యి! చెప్పావంటే—

…

చెప్పొద్దన్నానా!

… వినిపించింది. చెవులున్నాయిగా నాకు.

… సంతోషించమంటావా? దేనికి, అంకె బాగా వచ్చిందనా? కొంప ముంచి సంతోషమంటావేం? ఇంక నేనూ పనికిరాను. ఏ కొలత ఉంచినా, ఏది పారేసినా ఆ అంకె కోసమే చేసిందంటారు. వాళ్ళదాకా ఎందుకు, నన్ను నేనే నమ్మను…

… నీ క్షమాపణలు నీ దగ్గరే పెట్టుకో. సరిగ్గా విను. ఇంక సోలాంజ్ ఒక్కతే మిగిలింది. మొదట్నుంచీ లెక్క ఆవిడే చేస్తుంది. ఆవిడ గది ఛాయలకి నువ్వూ పోకు, నేనూ పోను. ఫోన్ కూడా చెయ్యొద్దు…

ఏమిటా గొణుగుడు? గట్టిగా చెప్పు.

… ముందు ఆవిడకే చేశావా?

నాకంటే ముందు… సోలాంజ్‌కి చెప్పేశావా ఆ అంకె?

అర్మాన్? … అర్మాన్!

పెట్టేశాడు, వెధవ.