కొండ మీది జెముడు

ఏ అట్ట? ఎడారి జెముడుదా? కింద రెండో చీటీ అంటించి ఉంటుంది, అదేనా? ఊఁ, ఆఫీసులో ఉద్యోగానికి చేరీ చేరగానే అదే పడిందన్నమాట నీ కంట్లో. కూర్చో. ఆ రెండు చీటీల మీదా సంతకం మీ తాతయ్యదే, మా బావది. ఎండబెట్టిన మొక్కలు దాచే ఆ గదికి ఆయన పెద్దసారు, నేను ఆయన తెచ్చినవాటిని అట్టలకి కుట్టేవాణ్ణి. ఇంట్లో బావమరిదిని, ఆఫీసులో కుట్టుపనివాణ్ణి, రెండుచోట్లా ఆయన మాటే చెల్లేది. మంచివాడే, కాదనను. కాకపోతే దారి తప్పినా సరే, నడుస్తున్నదే దారి అనే రకం. మీ అమ్మమ్మ ఎంత వేగిందో నన్నడుగు. ఎక్కడున్నాను, ఆఁ, జెముడు.

బావ వయసులో ఉండగా ఎడారిలో ఓ కొండ మీది మొక్కలు తెమ్మని ఆఫీసువాళ్లు పంపారు. సగం ఎక్కేసరికి ఎండకి కళ్లు తిరిగి, దిగొచ్చి గెస్ట్‌హౌస్‌లో పడుకున్నాడు. మర్నాడు జీపు బయల్దేరుతుంది, సంచీ చూస్తే ఖాళీ. గెస్ట్‌హౌస్ కంచెకి తోటమాలి ఎక్కణ్ణించో తెచ్చి నాటిన జెముడు ఉంది. ఓ కొమ్మ విరిచాడు, పాలు కారుతుంటే మరిగే నీళ్లలో ముంచాడు. అలా చంపకపోతే అట్టల మధ్య నొక్కిపెట్టినా చిగురేస్తుంది, మొండిది. చీటీ మీద మాత్రం 'కొండ నెత్తిన, రాళ్ల సందున, దానంతటదే పెరిగినది' అని రాశాడు. ఒక్క కొమ్మే కదా, ఎవరు చూడొచ్చారు అనుకున్నాడు పాపం.

చాలా ఏళ్లకి కుర్రసార్లు ఆ చీటీ పట్టుకుని కొండెక్కారు. లేనిది ఎక్కణ్ణించి దొరుకుతుంది? జల్లెడ పట్టి వచ్చి, పెద్దసారు రాశారంటే ఉండే ఉంటుంది, ఇప్పుడు లేదంటే మేకలే తినేసుంటాయి అని తేల్చారు. బావ అక్కడే కూర్చుని తలూపాడు. మేకలు రాకపోతే మళ్లీ మొలుస్తుందని కొండ చుట్టూ ముళ్లకంచె వేయించారు. అక్కడ మేకలు తోలుకుని బతికేవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు.

వాళ్లలో ఒకాయన తిరిగి తిరిగి, అదేం ఖర్మో, మన ఆఫీసు గేటు దగ్గరే కాపలాకి చేరాడు. ఓ పొద్దున బావని చూసి లేచి దణ్ణం పెట్టి, "సారూ, ఆ మొక్క మీరు కనిపెట్టిందంట కదా. మా మేకలు నోరులేని జీవాలు, తెలీక తినేశాయి. మనసులో పెట్టుకోకండి" అన్నాడు. బావకి తలెత్తబుద్ధి కాలేదు. ఆ రోజునుంచీ వెనక గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టాడు, క్యాంటీన్ వాళ్లు ఎంగిలాకులు పారబోసే దారిన. ముందు గుమ్మం ఏం పాపం చేసింది బావా అని నేను వేళాకోళమాడితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు ఇదంతా. "వాడు నాకు క్షమాపణ చెప్పాడురా, సిగ్గుతో చచ్చిపోతున్నాను" అన్నాడు.

మన గది పద్ధతి నీకు తెలుసుగా, పాత చీటీ పీకకూడదు, కొట్టెయ్యకూడదు. తప్పుంటే కింద కొత్తది అంటించి సంతకం పెట్టాలి. అబద్ధం, దాని కిందే నిజం, రెంటికీ ఒకే సంతకం, అట్ట ఉన్నంతకాలం వచ్చినవాళ్లందరూ చదువుతారు. మీ తాతయ్యని అదే ఆపింది ఇంకొన్నాళ్లు. ఆఖరికి రాశాడు. జిగురు నేను పూశాను. 'కంచెలోంచి విరిచినది. కొండ మీద నేను చూడలేదు.' అంతే. కొందరు నవ్వారు, కొందరు పలకరించడం మానేశారు. నవ్వనీ, దానికి సిద్ధపడే ఉన్నాడు.

తర్వాత ముందు గుమ్మం దాకా నడిచాడు, నేను వెనకాలే. కాపలా ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తను నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. తిడతాడనుకున్నాం. చెయ్యెత్తితే అడ్డుపడదామని నేను కాచుకునే ఉన్నాను. ఆయన తిట్టలేదు, కొండ ఊసే ఎత్తలేదు. "అయితే మా మేకలు తినలేదన్నమాట" అన్నాడు. "అమ్మేసిన రోజు కూడా వాటిని తిట్టి తోలాను సారూ."

...

ఆ కిటికీ వెయ్యమ్మా, దుమ్మొస్తోంది.