మేం ఆపలేం

లేదండి, కొట్టలేదు. తిట్టనూ లేదు. మీరు ఇందాకట్నించీ తిప్పి తిప్పి అదే అడుగుతున్నారు మేడం, నేనూ అదే చెప్తున్నాను. మా ఆటల మాస్టారు శివరామకృష్ణ సార్ ఆడపిల్లల మీద చెయ్యెత్తే మనిషి కాదు. అలాంటిదేదైనా జరిగుంటే మీకు రాసుకోవడం తేలికయ్యేది. నేనేం చెయ్యనండి మరి.

ఉమాశ్రీ. టెన్త్ క్లాసు. వాలీబాల్ జట్టుకి కెప్టెన్ని, అందుకే మీ విచారణకి ముందు నన్ను పిలిచారని హెడ్మాస్టారు చెప్పారు. మంచినీళ్ళొద్దండి. భయమేం లేదు. అదే నాకూ వింతగా ఉంది. పొద్దున లేచినప్పట్నించీ ఏమీ అనిపించట్లేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షను చేస్తారు చూడండి, దవడంతా మన్నులా అయిపోతుంది. ఒళ్ళంతా అలా ఉంది.

అర్జీ నేను పెట్టలేదు. అలేఖ్య వాళ్ళ నాన్న వీరాస్వామి గారు పెట్టారు. కడియం నర్సరీలో లారీలకి మొక్కలెక్కిస్తారాయన. మా అమ్మదీ అక్కడే పని, కవర్లలో మట్టి నింపడం. జోన్ పోటీలకెళ్ళే స్కూలు జట్టులోంచి మా అమ్మాయి పేరు తీసేశారు, ఆ వారమే స్కూల్లో చేరిన క్లబ్బు అమ్మాయిని పెట్టారు, ఆ క్లబ్బు ఈ సారుదే, అని రాయించారు. అన్నీ నిజమే. జోన్‌లో ఆడి పైకి వెళ్తే సర్టిఫికెట్టు వస్తుంది, దాంతో స్పోర్ట్స్ కోటాలో పాలిటెక్నిక్ సీటుకి అవకాశం ఉంటుంది. అలేఖ్యకి ఇంకో దారి లేదండి. చదువు అంతంతమాత్రం. టెన్త్ అయ్యాక వాళ్ళ నాన్న వెనకాలే నర్సరీకి.

ఎందుకు తీసేశారంటే, ఎత్తు చాలదన్నారు సార్. మా అందరిలోకీ అదే పొడుగు. ఆ మాట అంటున్నప్పుడు అది ఆయన ఎదురుగానే నిలబడి ఉంది, ఆయన తలెత్తి చూసి మరీ చెప్పాల్సొచ్చింది. ఎవరూ నవ్వలేదు.

సార్ గురించి మంచి కూడా రాసుకోండి మేడం. ఆయన రాకముందు మా స్కూల్లో ఆటల పీరియడంటే లెక్కల మాస్టారు వచ్చి కూచునే పీరియడు. ఈయనొచ్చాక వెనకాల తుప్పలు కొట్టించారు, సున్నంతో గీతలు గీశారు, చున్నీలు నడుముకి బిగించి కట్టించి మమ్మల్ని ఎగిరించారు. షార్టు వేసుకోనివ్వమని మా ఇంటికొచ్చి మా అమ్మని బతిమాలారు. మోకాళ్ళకి పట్టీలు ఆయనే తెచ్చారు.

కాకపోతే ఆ పట్టీలు క్లబ్బువి. నెట్టు క్లబ్బుది. బంతుల మీద కూడా నల్ల ఇంకుతో క్లబ్బు పేరే రాసుంటుంది. స్కూలు బంతని ఒకటుండేది, దాంట్లో గాలి నిలవదు. క్లబ్బుకి ఎక్కడైనా మ్యాచ్ ఉంటే ఆ వారం మాకు బంతులుండవు. అప్పుడు ఉత్త చేతుల్తో ఆడేవాళ్ళం. నేను లిఫ్టర్నండి, అంటే నెట్టు పక్కన నిలబడి బంతి పైకి లేపుతాను, పక్కవాళ్ళు ఎగిరి కొడతారు. లేని బంతిని నేను లేపినట్టు, అలేఖ్య కొట్టినట్టు. గేటు బయట్నించి చూసినవాళ్ళు పిచ్చి పట్టిందనుకునేవారు. ఇదే నయమే, బంతి వెళ్ళి కాలవలో పడదు, అనేది అలేఖ్య.

క్లబ్బు రాజమండ్రిలో. స్కూలు వదలగానే సార్ బండేసుకుని అక్కడికే వెళ్తారు. ఆ షెడ్డు సూర్యనారాయణరాజు గారిది. భీమవరం వైపు ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, కాపురం మాత్రం ఇక్కడే. వాళ్ళమ్మాయి శ్రీసత్య ఆ జట్టులో ఆడుతుంది. మా స్కూల్లో ఎవరైనా కాస్త బాగా ఆడితే సార్ మెల్లిగా అడుగుతారు, సాయంత్రాలు రాజమండ్రి వస్తావా అని. అలేఖ్యని అడిగారు, ఫీజు కట్టలేమని వాళ్ళ నాన్న చెప్పేశారు. నన్నూ అడిగారు, మాకు బస్సు ఛార్జీలకే ఇబ్బంది. రాకపోతే సార్ ఏమీ అనరు. ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో మీకు తెలీదా చెప్పండి, మీరూ బళ్ళోనే చదివారుగా.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త జాగ్రత్తగా వినాలండి. నా దగ్గరున్నది ఈ ఒక్కటే.

సార్‌కి ‘మనం’ అనే మాట అలవాటు. మనం గెలవాలి. మనకి నెట్టు లేదు. మనం ఇంకో నాలుగు చుట్లు పరిగెడదాం. అలా అని ఆయన కుర్చీలో కూచుంటారు. అలేఖ్య పరిగెడుతూనే వెనక్కి తిరిగి, “సార్, మనం బాగా అలిసిపోయామండి, కాస్త మంచినీళ్ళు తాగండి” అనేది. ఆయనా నవ్వేవారు. మంచి రోజులేనండి అవి.

పెనుగొండలో టోర్నమెంటు పెట్టారు. స్కూళ్ళూ క్లబ్బులూ ఎవరైనా ఆడొచ్చు. చూస్తే ఫైనల్లో ఇటు మేము, అటు క్లబ్బు. ఇద్దరికీ ఒకే కోచ్. సార్ స్కూలు డ్యూటీ మీద వచ్చారు కాబట్టి మా బెంచీ మీద కూచోవాలి. క్లబ్బు బెంచీ మీద తన బావమరిది ప్రేమ్ కుమార్ గారిని కూచోబెట్టారు. ఆయనది ఎరువుల కొట్టు. వాలీబాల్ తెలీదు పాపం. పాయింటు పోయినప్పుడల్లా మా బెంచీ వంక చూసేవారు. మా సార్ ముక్కు గోక్కుంటే ఆయన లేచి ఏదో ఒకటి కేకేసేవారు. అది సైగే అని నేను చెప్పలేను. నిజంగా దురదేమో.

ఎవరికి పాయింటొచ్చినా చప్పట్లు కొట్టే కోచ్‌ని మీరెక్కడైనా చూశారా? మొదట్లో మేం గొప్పగా చెప్పుకున్నాం, మా సార్‌ది పెద్ద మనసని.

ఆఖరి సెట్టు సమానంగా నడుస్తోంది. చూసేవాళ్ళ ముందు వరసలో రాజు గారు, భుజం మీద టోర్నమెంటు వాళ్ళు కప్పిన శాలువా అలాగే ఉంది. సార్ టైమవుట్ అడిగారు. మా వాళ్ళు నీళ్ళ సీసా కోసం కొట్టుకుంటున్నారు. అలేఖ్య అవతల వంగి లేసు కట్టుకుంటోంది. సార్ నా పక్కకొచ్చి, తువ్వాలు నా భుజం మీద వేసి, మెల్లిగా అన్నారు.

“ఆ ఎడమ మూల వదిలెయ్యమ్మా. అటు కొడితే మేం ఆపలేం.”

అంతేనండి.

మేం అన్నారు. మనం అనలేదు. అవతలి కోర్టులో ఎడమ మూల, అక్కడ శ్రీసత్య నిలబడి ఉంది. మనం అని ఉంటే నేనూ అందులో ఉండేదాన్ని. మేం అన్నారు కాబట్టి ఆయన నెట్టుకి అటు, నేను ఇటు. తువ్వాలు మాత్రం నా భుజం మీద.

బెదిరించలేదు. కుట్ర చేసినట్టూ అనలేదు. బతిమాలినట్టు అన్నారు. ఆ మొహం మీరు చూసుంటే తెలిసేది, తను ఏ బెంచీ దగ్గర నిలబడ్డారో ఆ క్షణాన ఆయనకే గుర్తు లేదు. ఇన్నాళ్ళలో నాతో ఆడిన అబద్ధం ఒక్కటీ గుర్తు రావట్లేదండి. ఆ మాట కూడా నిజమే. మరీ నిజం.

నేనొక్కదాన్నే విన్నాను.

తర్వాత బంతి నా చేతిలోకొచ్చింది. అలేఖ్య దెబ్బ ఎప్పుడూ ఏటవాలుగా ఆ మూలకే పోతుంది, దానికి వేరేలా కొట్టడం రాదు. దానికే లేపాను. శ్రీసత్య చేతులడ్డం పెట్టింది గానీ బంతి ప్రేమ్ కుమార్ గారి కుర్చీ కిందకి పోయింది. మళ్ళీ బంతొచ్చింది, మళ్ళీ దానికే లేపాను. ఈసారి శ్రీసత్య కూలబడిపోయింది. మంచి పిల్లేనండి, దానికీ ఏం తెలుసు.

కోపమొచ్చి చేశానని రాయకండి. కోపం రాలేదు. ఎక్కడ కొట్టాలో అంత వివరంగా నాకు అంతకుముందెవరూ చెప్పలేదు, అంతే. చేతులు వినేశాయి.

గెలిచాం. కప్పు రాజు గారి చేతుల మీదే ఇప్పించారు. ఆయన నవ్వుతూనే ఇచ్చారు, పెద్దమనిషి. సార్ మాతో ఫోటో దిగారు, అటెళ్ళి క్లబ్బుతో కూడా దిగారు. వ్యానులో వస్తూ అందరికీ కూల్‌డ్రింకులు ఇప్పించారు. నా వంక చూసి, కాలు పట్టేసిందా అని అడిగారు. లేదన్నాను.

ఇందులో ఒకటుందండి. లేపినవాళ్ళని ఎవరూ చూడరు. కొట్టినవాళ్ళే కనబడతారు. రాజు గారు చూసింది అలేఖ్యని. ఊళ్ళో వాళ్ళు భుజం తట్టింది అలేఖ్యని. లిస్టులోంచి పోయిందీ అలేఖ్యే. మూల సంగతి దానికి తెలీదు, సార్ అన్న మాట తెలీదు. రోజూ కొట్టినట్టే కొట్టింది. కెప్టెనుగా నా పేరు మాత్రం లిస్టులో అలాగే ఉంది.

దానికి చెప్పలేదా అంటే, చెప్పలేదండి. ఏమని చెప్తాను, నీకు బంతిచ్చి చెడగొట్టానే అనా?

ఏం రాశారో ఒకసారి చూడనివ్వండి మేడం. ఓ, ఇంగ్లీషులోనా. పైకి వెళ్ళే ఫైలు కాబట్టి. పరవాలేదు, నాకు చదవడం వచ్చు. స్కూల్లో కాదు, ఫోన్లో చూసి నేర్చుకున్నాను. ‘లీవ్ ద లెఫ్ట్ కార్నర్. ఇఫ్ ఇట్ ఈజ్ హిట్ దేర్, వుయ్ కెనాట్ స్టాప్ ఇట్.’

వుయ్.

మేడం, ఈ వుయ్ అంటే మనమా, మేమా?

రెండూనా. అవునులెండి, వాళ్ళకి ఒక్కటే మాట కదా.

ఇప్పుడిది చదువుతుంటే మా సార్ మా జట్టు గురించే దిగులుపడ్డట్టుంది. ఆ మూల మనకి చేతకాదు, వదిలెయ్యండి అని చెప్పినట్టు. ఏ కోచైనా అనే మాటే. మీరు తప్పు రాశారని కాదండి. సరిగ్గానే రాశారు. నేను చెప్పిందీ సరిగ్గానే చెప్పాను. మధ్యలో ఎక్కడో పోయింది.

‘మై క్లబ్’ అని రాయకూడదా? ఆయన అనని మాట ఆయన నోట్లో ఎలా పెడతామంటారా. నిజమే. అనలేదు.

ఆ వుయ్ ఏ జట్టని అలా సూటిగా అడిగేశారేంటండి. తప్పు కాదు, మీ డ్యూటీ. వుయ్ అంటే అవతలి జట్టు అని సాక్షి చెప్పింది, అని మీరో వాక్యం కలుపుతారు, దాని కింద నేను సంతకం పెడతాను. అంతేనా? అప్పుడు లిస్టు ఆపుతారు, అలేఖ్య పేరు మళ్ళీ చూస్తారు. నేనామాట అనకపోతే లిస్టు లిస్టులాగే వెళ్ళిపోతుంది.

ఒక్క నిమిషం ఉండండి.

ఆదివారం సార్ మా ఇంటికొచ్చారు. అన్నవరం వెళ్ళొచ్చారట, ప్రసాదం తెచ్చారు. మా అమ్మ ఆకు పొట్లం కళ్ళకద్దుకుంది. మీరొస్తున్న సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. టీ తాగి, “నువ్వు లేపితే ఎవరైనా కొడతారమ్మా” అన్నారు. అలా నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదండి. రాజు గారు ఫీజు వద్దన్నారట. షూస్, బస్సు పాసు ఇస్తారట, ఇంటర్ కాలేజీ సంగతి కూడా వాళ్ళే చూసుకుంటారట. మా అమ్మ గోళ్ళలో మట్టి తీసుకుంటూ కూచుంది. ఆయన వెళ్ళాక ఇద్దరం ప్రసాదం తిన్నాం. బాగుంది.

సరేనన్నాను. సోమవారం నుంచి నేను క్లబ్బుకి ఆడుతున్నానండి.

అందుకని ఇప్పుడే మారిపోయాననుకోకండి. ఇందాకటి దాకా చెప్పిందంతా నిజమే. మీరు తెలుగులో రాసి ఉంటే తెలుగులోనే సంతకం పెట్టేదాన్ని. పెట్టేదాన్నేమో. ఇంగ్లీషులో చూశాక మాత్రం, ఏంటో, హాయిగా అనిపించింది. పొద్దున్నించీ ఏదైనా అనిపించింది అదొక్కటే.

రాయండి. అవతలి జట్టా ఇవతలి జట్టా సాక్షికి తెలియదు. నోరు జారి ఉంటారు.

నేను క్లబ్బులో చేరిన సంగతి కూడా రాస్తారా? మీరు అడగలేదు, నేనే చెప్పాను. అది అర్జీలో లేదు కాబట్టి అక్కర్లేదా. సరేనండి, మీ ఇష్టం.

సంతకం ఇక్కడేనా. పూర్తి పేరు రాయాలా.

వరండాలో అలేఖ్య కూచునుంది. దాన్ని పిలవకండి మేడం, దానికేం తెలీదు, లేసు కట్టుకుంటోంది. నేను బయటికెళ్ళగానే, ఏం చెప్పావే అని అడుగుతుంది.

అంతా చెప్పేశాననే అంటాను.

చెప్పాను కదండీ.